చిటికెన వేలు ఆనే చోటు

బూడిదరంగు మరక.

తెల్లటి గుడ్డ మీద.

ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి వాసన... కాదు. మట్టి వాసన కాదు. తడిసిన రాయి వాసన.

అది గిన్నెలు తుడిచే గుడ్డ. ఉడకబెట్టి, ఆరేసి, మడత పెట్టి ఉంచాను. దానితో ఎవరో సానరాయి తుడిచారు.

కిటికీ బయట పొగమంచు. నవంబరులో మా కమెఓకా ఊరి మీద మంచు దిగితే పొద్దు బాగా ఎక్కేదాకా లేవదు. అతాగో కొండ కనపడదు. ఎదురింటి చెట్టూ కనపడదు — దాని పళ్లు మాత్రం నారింజ రంగులో గాలికి వేలాడుతున్నట్టు ఉంటాయి.

"నేను కాదు," అన్నాడు నా భర్త యసునోరి. అతన్ని ఎవరూ అడగలేదు.

మా అత్తగారు ఫుసాయే ఇటు తిరగకుండానే ఊరబెట్టిన ముల్లంగి కోస్తోంది.

"గుడ్డంటే గుడ్డే కదా, ఇకుయో."

"గిన్నెల గుడ్డ వేరు, రాతి గుడ్డ వేరు, అత్తయ్యా."

"నీ గిన్నెలకంటే నా రాయే శుభ్రం."

"అయితే రేపట్నుంచి మీ సూపు దాని మీదే పోస్తాను."

ఆమె భుజాలు కదిలాయి. నవ్విందో, ముల్లంగి గట్టిగా ఉందో.

నాకు గుడ్డ గురించి కోపం. కానీ గుడ్డ గురించి కాదు.

రాయి ఇక్కడెందుకుంది?

రాయి ఉండాల్సింది ముందుగదిలో. మా ముందుగది సెలూను. నేను ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆ గోడ అవతలి నుంచి వినపడే చప్పుడుతోనే బియ్యం కడిగాను. సుయ్... సుయ్... సుయ్... కత్తి రాతి మీద వెళ్లడం, తిరగడం, రావడం. వంటింట్లో గడియారం అక్కర్లేకపోయింది నాకు.

ఇప్పుడామె, కొత్త రాయి వచ్చాక, వంటింట్లో సానపడుతోంది. ఎవరూ లేవకముందే. తొట్టి పక్కన. గోడ వైపు తిరిగి.

ముందుగదిలో అద్దాలున్నాయి.

ఆ సంగతి నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది.

*

మా వైపు పెళ్లికి ముందురోజు పెళ్లికూతురి ముఖం కత్తితో గీయిస్తారు. ముఖం, మెడ వెనక, వీపు పైభాగం. నూగు పోవాలి. ఆ పైన పూసే తెల్లపొడి మంచులా కూర్చోవాలి. ఈ ఊళ్లో ఒక తరం పెళ్లికూతుళ్లంతా మా అత్తగారి మోకాళ్ల దగ్గర కళ్లు మూసుకున్నవాళ్లే.

యసునోరి వాడేది బ్లేడు మార్చే కత్తి. అందరూ అదే. ఆమెది మాత్రం పాత ఇనుప కత్తి. మడత లేదు, పిడి లేదు. సన్నటి మెడకు వెదురుబద్ద చుట్టి ఉంటుంది. ఆ కత్తికి రాయి కావాలి. ఏ రాయి పడితే ఆ రాయి కాదు.

ఆమె రాయి పోయిన చలికాలం పగిలింది.

చలికాలంలో రాతిని తడిగా వదలకూడదు. పొడిగా తుడిచి, పాత నూలుగుడ్డలో చుట్టి, సొరుగులో పడుకోబెట్టాలి — పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు. ఇది ఆమే మాకు నేర్పింది. ఒక్క రాత్రి మర్చిపోయింది. ఆమే. లోపలి నీరు గడ్డకట్టింది. తెల్లారేసరికి రాయి పొరలు పొరలుగా విచ్చుకుంది.

ఆమె ఆ పలకలు తీసుకెళ్లి చూరు కింద పరిచింది. ఇప్పుడు వానచుక్కలు వాటి మీదే పడతాయి.

టప్.

టప్.

ఈ నెలాఖరున నా కూతురు సాయో పెళ్లి.

సంబంధం కుదిరిన రోజే నానమ్మ మాటిచ్చింది. నీ ముఖం నా చేత్తో, నా కత్తితో, అని.

*

కొండకు అవతలి వాలున, క్యోటో వైపు, రాళ్లమ్మే మురోయి గారున్నారు. ఆయన పద్ధతి ఒకటుంది. మీ కత్తి తెచ్చుకోవాలి. ఆయన ఎదుట కూర్చుని, ఆయన రాళ్ల మీద మీ చేత్తో సానపట్టాలి. ఈ రాయి, ఆ రాయి, ఇంకో రాయి... కత్తికీ రాయికీ పొత్తు కుదిరితేనే ఆయన కాగితంలో చుడతారు. కుదరకపోతే టీ తాగి వెళ్లమంటారు. అంతే. మా అత్తగారి పాత రాయి ఆయన తండ్రి ఇచ్చిందే.

వెళ్దామన్నాడు యసునోరి.

"వద్దు," అంది అత్తగారు. "నీ ఫోన్లో తెప్పించు."

మేము ముఖాలు చూసుకున్నాం. ముల్లంగిని కూడా తట్టి చూడనిదే కొనని మనిషి.

సరే... వెతికాడు.

మా దేశంలో అమ్మేవాళ్లవి మసక ఫొటోలు. కూల్చేసిన ఇంటి కొట్టంలో దొరికిందట, రాళ్ల గురించి తమకేమీ తెలియదట, వెనక్కి మాత్రం తీసుకోరట. సముద్రం అవతల అమ్మేవాళ్లు వేరు. ప్రతి వైపు నుంచీ ఫొటోలు. తడిపి ఒకటి, ఆరబెట్టి ఒకటి. పక్కలకు లక్క పూసిన తీరు, అడుగున ఉలి గుర్తులు, పాత ముద్ర. ఫోను వాళ్ల మాటల్ని మా భాషలోకి మార్చి పెట్టేది. యసునోరి గొంతు సవరించుకుని చదివాడు — ఈ రాయి మృదుస్వభావి, మితభాషి, కోరింది ఆలస్యంగా ఇస్తుంది.

"కొంటున్నామా, పెళ్లిచూపులకు వెళ్తున్నామా?" అంది అత్తగారు.

ఆ రాయి మా కొండదే. అతాగో పక్క గనిది. గని మూసేసి ఎన్నాళ్లో అయింది. రాళ్లు ఒక్కొక్కటే ఓడలెక్కి వెళ్లిపోయాయి — మంచి రాతి కోసం తపించేవాళ్ల దగ్గరికి, గడ్డం గీసుకోవడాన్ని పూజలా చేసుకునే ఎవరెవరి ఇళ్లకో.

కిటికీలోంచి కనపడే కొండ. దాని ముక్క కోసం సముద్రం అవతలికి డబ్బు పంపించాం.

*

వచ్చింది.

పెట్టెలో నలిపిన పత్రికలు. పరాయి అక్షరాలు. మధ్యలో లేత బూడిదరంగు రాయి, పచ్చని ఛాయతో. పొగమంచు గట్టిపడితే అలా ఉంటుందేమో.

అత్తగారు దాని మీద ఒక చుక్క నీళ్లు వేసింది. వంగి వాసన చూసింది.

"మనదే," అంది. ఆ ఒక్క మాటే.

మర్నాడు పొద్దున పక్కగదిలో పడుకునే విన్నాను. పిల్లరాతితో పెద్దరాతిని రుద్దుతోంది. పాలలాంటి నీరు వచ్చి ఉంటుంది. తర్వాత కత్తి.

సుయ్... సుయ్...

... సుయ్—

సుయ్.

ఎక్కడో ఒక అడుగు తప్పుతోంది. మెట్లు దిగే మనిషి ఉన్న మెట్టును లేదనుకున్నట్టు.

నేను లేచి వెళ్లేసరికి ఆమె ముంజేతి నూగు మీద కత్తి ఆనించి చూసుకుంటోంది. నూగు తెగలేదు. వంగింది.

"రాతికి నా కత్తి నచ్చలేదు," అంది టిఫిన్ దగ్గర.

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ. ఎన్నిసార్లు అన్నా రాతినే అంది.

ఆదివారం ఆమె గుడి ఆవరణలో ఆకులు ఊడవడానికి వెళ్లింది. యసునోరి రాయి తీసుకుని ముందుగదిలోకి వెళ్లాడు. తలుపు వేసుకున్నాడు. నేను గోడకు ఇవతల బియ్యం కడుగుతున్నాను.

సుయ్... సుయ్... సుయ్... సుయ్...

తడబాటు లేదు. బియ్యం నీళ్లు పారబోయడం మర్చిపోయాను.

అతను బయటికి వచ్చినప్పుడు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. నేను పైకి లాగాను. ముంజేతి మీద నాణెమంత మేర నున్నగా, ఒక్క వెంట్రుక లేకుండా.

రాతిలో లోపం లేదు.

"అమ్మకి చెప్పకు," అన్నాడు.

చెప్పలేదు. అతను సానపట్టింది అమ్మ కత్తినే. తుడిచి, దాని గుడ్డలో దాన్ని చుట్టి, ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేశాడు. ఆమెకు తెలియకుండా ఆమె కత్తికి పదును రావాలి. ఆమె చేతే తెచ్చిందనుకోవాలి. అంత ప్రేమగానే చేశాడు ఆ పని.

అద్దాలు ఎందుకు వద్దందో, మురోయి గారి ఎదుట కూర్చోవడం ఎందుకు వద్దందో... అప్పటికి మా ఇద్దరికీ తెలుసు.

ఓడలో వచ్చే రాయి ఎవరి చెయ్యీ చూడదు.

*

సోమవారం. సెలూనుకు సెలవు. ముందు రాత్రే సాయో వచ్చింది. నలుగురం ఆలస్యంగా టిఫినుకు కూర్చున్నాం. కొత్త బియ్యం అన్నం, కాల్చిన చేప, సూపు ఆవిరి. కిటికీ నిండా మంచు.

అత్తగారు గుడ్డ మూట తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. విప్పింది. ముంజేతి మీద కత్తి ఒక్కసారి ఆనించింది. నూగు రాలి బల్ల మీద పడింది.

యసునోరి చేపలో ముల్లు వెతుకుతున్నాడు. ఆ ముక్కలో ముల్లు లేదు.

"మంచి అంచు," అంది ఆమె. "కత్తి మడమ దగ్గర, మెడ పక్కన, కొంచెం ఎక్కువ ఒత్తావు. మీ నాన్న కూడా అంతే."

సాయో వాళ్ల నాన్న వైపు చూసింది.

"నా అంచు నాకు తెలియదనుకున్నావురా?"

"అమ్మా..."

"తిను. చల్లారిపోతుంది."

ఆమె కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది. దాచకుండా. చెయ్యి వణుకుతోంది. సూపు గిన్నె దాని పక్కనే ఉంది. గిన్నెలో సూపు మీద చిన్న చిన్న వలయాలు. ఆ వలయాలనే మేము చూస్తూ కూర్చున్నాం. ఇన్నాళ్లూ ఆమె ఒక్కతే చూసుకుంది వాటిని.

"పై సోమవారం మురోయి దగ్గరికి వెళ్దాం," అంది. "రాయి తీసుకుని, కత్తి తీసుకుని. మన కొండ రాయే, ఎక్కడెక్కడో తిరిగొచ్చింది, ఆయన్నీ చూడనీ. ఆయన ఎదుట వీడు సానపడతాడు. నేను పక్కన కూర్చుని టీ తాగుతాను. ఇక నుంచి రాయి వీడిది."

"మరి నా ముఖం?" అంది సాయో.

"నీ ముఖం నాది."

చేప మీద యసునోరి చేతిలోని తినే పుల్లలు ఆగిపోయాయి.

"రాతి మీద చిటికెన వేలు ఆనించుకోవడానికి చోటుండదే," అంది నానమ్మ. "గాలిలో ఉన్న చెయ్యి గాలిలాగే ఉంటుంది. ముఖం మీద అలా కాదు. ముందు చిటికెన వేలు నీ దవడ ఎముక మీద ఆనుతుంది. ఆనిందంటే నిలుస్తుంది."

"నిలవకపోతే?"

"తెల్లపొడి దేనికుందనుకున్నావు?"

సాయో నవ్వబోయి మానుకుంది. తన చిటికెన వేలు దవడ మీద ఆనించుకుని, అలాగే ఉంచుకుంది. అవునని అనలేదు. కాదనీ అనలేదు. ఇంకొంచెం అన్నం పెట్టమని గిన్నె నా వైపు చాపింది.

పెట్టాను.

అత్తగారు కత్తిని గుడ్డలో చుట్టింది. చుట్టేటప్పుడు సూపు కొంచెం తొణికింది. నేను బల్ల తుడిచాను.

అదే గుడ్డ. మళ్లీ ఉడకబెట్టాను, అయినా పోలేదు — తడి తగిలితే చాలు, ఆ రాతి వాసన.

బయట చూరు నుంచి మంచు నీరు, పగిలిన రాతి పొరల మీద...

టప్.

కొండ ఇంకా కనపడలేదు.