ట్రాక్టరు ముందు మూడు గుడ్లు

రక్షిత తీరంలో ఇసకలోనే గుడ్లు పెట్టే పిట్టల గూళ్ల దగ్గర గుర్తుగా పాతిన జెండాలను నిన్న కాపలాదారే పీకేశాడు. జెండా ఉన్నచోట గుడ్లుంటాయని కాకులు కనిపెట్టేశాయి మరి. నాచు ఎత్తే ట్రాక్టరు ఇవాళే వస్తుందని అతనికి తెలియదు.

బండి కనబడగానే పరిగెత్తి చెయ్యి అడ్డం పెట్టాడు. నడిపేది బావమరిదే.

"ఇక్కడే ఎక్కడో మూడు గుడ్లున్నాయిరా. ఇసక రంగే, కనబడి చావవు."

"నీ గుర్తులు నువ్వే పీక్కున్నావా బావా! పది నిమిషాలే. నీళ్లు పైకొస్తే చక్రాలు దిగబడతాయి."

కాపలాదారు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తల్లిపిట్ట విరిగినట్టు రెక్క ఈడుస్తూ అతన్ని దూరదూరంగా తిప్పింది. మనిషి తిరుగుతున్నంతసేపూ అది గూటికి రాదని అప్పుడు తట్టింది.

"ఇంజను ఆపు. కదలకు," అంటూ బండి పక్కనే కూలబడ్డాడు. అలలు దగ్గరపడుతున్నాయి. ఊగుతున్న మోకాలిని రెండు చేతులతో అదిమిపట్టాడు.

పిట్ట దిగింది. నాలుగడుగులు పరిగెత్తి ఆగింది. చివరికి ముందు చక్రానికి మూరెడు దూరంలో పొట్ట ఆనించి కూర్చుంది.

బావమరిది తాళంచెవి మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడు ఇంజను వేస్తే లేచిపోతుందేమో బావా?"

"లేస్తే లేవనీరా. చోటు తెలిసిందిగా, వెనక్కి తియ్యి."