అయిదడుగుల ఎత్తులో

నేను ఒక ఇనుప గడియను. జానెడు పొడవు, చిటికెన వేలంత మందం, పట్టుకుని లాగడానికి వంపు తిరిగిన ఒక చెవి. ఇంతే నేను. మూసుకోవడం, తెరుచుకోవడం తప్ప మూడో పని రాదు. ఆ రెండైనా నా ఇష్టప్రకారం చేసేవి కావు.

అనకాపల్లిలో ఒక కొలిమిలో పుట్టాను. ఇరవై ఏళ్లు బెల్లం గోదాము తలుపుకి కాపలా ఉన్నాను. చీమలు నా మీదుగానే దారి వేసుకుని లోపలికి పోయేవి. చీమని ఆపలేని నన్ను షావుకారు రోజూ రెండుసార్లు లాగి చూసుకుని, ధైర్యంగా ఇంటికి వెళ్లేవాడు. మనుషులకి నా మీద ఉన్నంత నమ్మకం నా మీద నాకే లేదు. గోదాము పడగొట్టాక పాత ఇనుము కొట్లో పడ్డాను. అక్కడ నూకరత్నం నన్ను కొనుక్కుంది.

నూకరత్నం బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి చేసి, చూపు తగ్గి మానేసిన మనిషి. ఫ్యాక్టరీ రోడ్డు వెనక ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకుని, షిఫ్టుకు వెళ్లే తల్లుల పిల్లల్ని చూసుకునే క్రెచ్ పెట్టింది. లైసెన్సు ఉంటే ఫీజులో సగం ప్రభుత్వం ఇస్తుంది. ఆ సగం లేకపోతే ఆ తల్లుల్లో ఒక్కరికీ కట్టే తాహతు లేదు.

మొదట నన్ను నడుమెత్తున బిగించారు. రెండో రోజే మోక్ష నన్ను లాగేసి రోడ్డు మీదికి నడిచిపోయింది. నాలుగేళ్ల పిల్ల, ఫ్యాక్టరీలో పనిచేసే సత్తెవతి కూతురు. తండ్రి లారీ మీద తిరుగుతూ నెలకోసారి కనిపిస్తాడు. ఆ వారమే తనిఖీకి వచ్చిన మేడమ్ రెండు షరతులు రాసింది. గడియ అయిదడుగుల ఎత్తులో ఉండాలి. పదిమంది పిల్లలు దాటితే ఇద్దరు ఆయాలు ఉండాలి.

మొదటిది సాయంత్రానికల్లా అయిపోయింది. నన్ను పైకి ఎక్కించారు. రెండోదానికి నూకరత్నం తన ఆడపడుచు పేరు రాయించింది. ఆవిడ నెలాఖరున వచ్చి సంతకాలన్నీ ఒకేసారి పెట్టేది. తనిఖీ రోజున ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి ఒక పిల్లాణ్ణి ఎత్తుకునేది. కొత్త ముఖం చూసి వాడు గుక్కపట్టేవాడు. అది చూసి నా ప్రాణం చచ్చిపోయేది.

నూకరత్నం పొట్టిది. నన్ను అందుకోవాలంటే పీట ఎక్కాలి. మోక్షకి భయపడి ఆ పీటని వంటింట్లో బియ్యం డబ్బా వెనక దాచేది. నేనేమో గట్టిగా బిగుసుకునే రకాన్ని. బెల్లం చెమ్మ, సముద్రపు గాలి కలిసి నాకు తుప్పు పట్టించాయి. "దీని బిగువు సూడు, ఎంత లాగినా రాదు" అని ఆమె విసుక్కుంటే నాకు గర్వంగానే ఉండేది.

ఆ మధ్యాహ్నం పన్నెండుమంది పిల్లలకి అన్నం పెట్టింది. తను తినలేదు. పొద్దున వేసుకున్న షుగర్ మాత్ర ఆమెని తినేసింది. గది మధ్యలో నిలువునా కూలిపోయింది.

పిల్లలు ఆటనుకున్నారు. ఒకడు ఆమె కళ్లు విప్పి చూశాడు. కాసేపటికి ఒకరి ఏడుపు చూసి ఒకరు మొదలుపెట్టారు. రోడ్డు మీద మనుషులు పోతూనే ఉన్నారు. పిల్లల్ని ఉంచే చోట ఏడుపు వినిపిస్తే ఎవరు ఆగుతారు?

మోక్ష మాత్రం వంటింట్లోంచి పీట ఈడ్చుకొచ్చింది. దాచిన చోటు దానికి ఎప్పుడో తెలుసు. ఎక్కి చెయ్యి చాచింది. అందలేదు. మళ్లీ వెళ్లి గరిటె తెచ్చింది. నా చెవి మీద కొట్టింది. నేను కదల్లేదు. మళ్లీ కొట్టింది. "రాయే, రాయే" అని బతిమాలింది. నా బిగువు మీద నాకే అసహ్యం వేసింది. ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో గోరంత జరిగాను. ఆ తర్వాత పూర్తిగా వచ్చేశాను.

తలుపు తెరుచుకోవడం చూసి ఎదురుగా ఉన్న పంక్చర్ షాపాయన పరుగెత్తుకొచ్చాడు. నూకరత్నం బతికింది.

మర్నాడు మేడమ్ వచ్చింది. "రత్నమ్మా, నిన్న రెండో ఆయా ఎక్కడుంది?" అని మెల్లగా అడిగింది.

నూకరత్నం అబద్ధం చెప్పలేకపోయింది. "లేదమ్మా. ఎప్పుడూ లేదు. నానొక్కదాన్నే."

"ఆ పాప తీయకపోతే ఏమయ్యేదో తెలుసా?"

"తెల్సమ్మా. రాత్రంతా అదే తలుసుకున్నాను."

లైసెన్సు ఆపేస్తూ కాగితం ఇచ్చారు. మేడమ్ చేసింది తప్పని నేనూ అనలేను. నిజంగా ఆయాని పెడితే మళ్లీ ఇస్తామన్నారు. ఆయాకి జీతం ఇవ్వాలంటే ప్రభుత్వం ఇచ్చే సగం రావాలి. ఆ సగం రావాలంటే లైసెన్సు ఉండాలి. నూకరత్నం ఆ కాగితాన్ని ఎటు తిప్పినా తలుపు కనిపించలేదు. చివరికి నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని చెప్పి, ఫ్యాక్టరీలోనే పెట్టెలు కట్టే పనికి కుదిరింది.

పిల్లలు అమ్మమ్మల దగ్గరికి కొందరు, పక్కిళ్లకి కొందరు సర్దుకున్నారు. సత్తెవతికి ఎవరూ లేరు. నాలుగు రోజులు సెలవు పెట్టింది. అయిదో రోజు ఫ్యాక్టరీవాళ్లు రేపు కూడా రాకపోతే ఇక రానే వద్దన్నారు. ఆ సాయంత్రం నూకరత్నం దగ్గరికొచ్చి తల దించుకుని అడిగింది.

"పిన్నీ, మా తలుపుకి బయట గడియ లేదు. నీ గడియ ఇస్తావేటి?"

నూకరత్నం బియ్యం డబ్బా వెనకనుంచి పీట తెచ్చింది. అది ఎక్కి, ఒక్కో మేకూ తనే ఊడదీసింది. నన్ను సత్తెవతి చేతిలో పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇప్పుడు నేను సత్తెవతి గది తలుపుకి బయటవైపు ఉన్నాను. చప్పుడు కాకూడదని ఆమె నాకు కొబ్బరినూనె రాసింది. తుప్పంతా పోయింది, చిటికెన వేలితో తోసినా జరుగుతాను. పొద్దున్నే లోపల అన్నం, నీళ్లు పెట్టి, "తినీసి తొంగోమ్మా, సీకటడకుండా వొచ్చీస్తాను" అని చెప్పి నన్ను వేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది.

కాసేపటికి లోపల ఏదో ఈడ్చిన చప్పుడు వస్తుంది. ఆ తర్వాత గరిటె దెబ్బలు. మోక్ష అయిదడుగుల ఎత్తులోనే కొడుతుంది, క్రెచ్‌లో నేను ఉన్న చోట. "రాయే, రాయే" అంటుంది. నాకు తగిలితే ఒక్క దెబ్బకే వచ్చేస్తాను. కానీ ఆ దెబ్బ చెక్కకి తగులుతోంది.