గులకరాయి చప్పుడు

అంటే పిట్టలు ఎక్కడికీ వెళ్ళలేదన్నమాట. పొద్దున పళ్ళు తోముకుంటూ కిటికీలోంచి చూస్తే కరెంటు తీగ మీద పిచ్చుక ఒకటి కూర్చుని ఉంది. ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, గొంతు దగ్గర ఈకలు వణుకుతున్నాయి. అరుస్తోందది. కిటికీ రెక్కలు బార్లా తెరిచే ఉన్నాయి, అయినా అద్దం వెనక అరుస్తున్నట్టే ఉంది. ఈ వీధిలో పిట్టలన్నీ వెళ్ళిపోయాయే, ఏం మాయదారి గాలి సోకిందో అని కొన్ని నెలల కిందట భార్యతో తనే అన్నాడు. ఆమె గిన్నె తుడుస్తున్నదల్లా ఆగి, అతని మొహంలోకి ఓ క్షణం చూసి, "అవును, పోయినట్టున్నాయి" అంది. ఆ క్షణాన్ని పొద్దున్నుంచీ పుండులా కెలుక్కుంటున్నాడు. ఆమె అబద్ధమాడింది. ఈ మధ్య ఏ మాట చెప్పాలన్నా ముందు దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేస్తోంది. వయసు మళ్ళేకొద్దీ ప్రేమ ముదురుతోందనుకుని లోలోపల మురిసిపోయాడు, వెర్రివెంగళప్పలా.

మోచెయ్యి ఒకటి డొక్కలో పొడిచింది. పక్క సీట్లో స్టీరింగు పట్టుకుని కూర్చున్న బావమరిది ఏదో అంటున్నాడు. అతను హెడ్‌ఫోన్లు ఒక పక్కకి జరిపాడు.

"నిద్రపోతున్నావా బావా? నా కారు మరీ జోలపాట పాడుతోందా?"

"నీ కారు జోలపాట పాడితే ఊరంతా లేచి కూర్చుంటుంది. ఊఁ, తొక్కు."

కారు షెడ్డు మధ్యలో, నాలుగు పక్కలా పట్టీలతో నేలకు బిగించి, మంచానికి కట్టేసిన రోగిలా ఉంది. వెనక చక్రాలు నేలలో అమర్చిన ఇనప రోలర్ల మీద ఆని ఉన్నాయి. ఎంత తొక్కినా బండి అంగుళం కదలదు. చక్రాలు రోలర్లను తిప్పుతాయి, ఆ బలమెంతో ఎదురుగా గోడ మీది తెర గీత గీసి చూపిస్తుంది. డైనో అంటారు దాన్ని. ఇరవయ్యేళ్ళుగా అతని కూడు అదే.

టర్బో అనేది ఇంజనులోకి గాలిని కూరుతుంది. ఆ గాలిలో స్పార్కు ఎంత ముందుగా పడితే అంత బలం. మరీ ముందైతే మంట అదుపు తప్పి పిస్టన్ నెత్తిన సుత్తిదెబ్బలు వేస్తుంది. మొదటి దెబ్బ చప్పుడు చాలా సన్నగా ఉంటుంది, రేకు డబ్బాలో గులకరాయి పడ్డట్టు. దాన్ని పట్టుకోవడమే అతని విద్య. ఇంజనుకు బిగించిన రాగి గొట్టం, దాని చివర చిన్న మైకు, అక్కణ్ణుంచి చెవులకు హెడ్‌ఫోన్లు. స్పార్కును ఒక్కో డిగ్రీ ముందుకు జరుపుతూ పోవడం, రాయి పడగానే రెండు వెనక్కి రావడం. ఆ చప్పుడు పట్టడానికి కొత్తవాళ్ళు పరికరాలు కొనుక్కున్నారు. యంత్రం అబద్ధం చెప్పదు గానీ నిజం ఆలస్యంగా చెప్తుంది అని అతను కొట్టిపారేసేవాడు. ఆ మాట నలుగురి నోటా పడి, అతనికి చెవులాయన అని పేరు స్థిరపడిపోయింది.

బావమరిది తొక్కాడు. షెడ్డు రేకులు అదిరాయి, టర్బో ఊపందుకుంది, సీటు వెన్నులో గుద్దింది. హెడ్‌ఫోన్లలో హోరు తప్ప ఏమీ లేదు. గీత కిందటిసారి కంటే పైకి లేచింది. అతను ల్యాప్‌టాప్‌లో ఒక డిగ్రీ జరిపాడు. మళ్ళీ హోరు, మళ్ళీ గీత కొంచెం పైకి. ఇంకో డిగ్రీ. ఈసారి గీత పైకి లేవలేదు. పాత గీత మీదే పాకుతూ వెళ్ళి, చివర్లో కాస్త కుంగింది.

స్పార్కు ముందుకు జరిగినా బలం పెరగలేదంటే ఆ బలం ఇంకెక్కడికో పోతోంది. ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు. ఈపాటికి రాయి పడి ఉండాలి. ఒకటి కాదు, గుప్పెడు.

వినపడని దాన్ని లేనిదనుకున్నాడు ఇన్నాళ్ళూ. అంతే జరిగింది. చెవుడంటే చీకటిలాంటిదనీ, వస్తే తెలుస్తుందనీ అనుకున్నాడు. కానీ అది పైనుంచి తింటూ వచ్చింది, ముందు పిట్టల్ని, తర్వాత మాటల కొసల్ని, తర్వాత గులకరాళ్ళని. మనుషుల గొంతులు, ఇంజను హోరు, తలుపు చప్పుడు మాత్రం అలాగే వదిలేసింది. పాలల్లో నీళ్ళు కలిపినట్టు లోకం పల్చబడుతూ ఉంటే, ఎంత హాయిగా ఉందీ ఈ మధ్య అనుకున్నాడు.

అప్పుడు తెల్ల కారు గుర్తొచ్చింది. కిందటి నెల తను ట్యూన్ చేసి పంపాక వారం తిరక్కుండానే రోడ్డు మీద పిస్టన్‌కి చిల్లు పడింది. దాని యజమాని అడుగడుగునా అనుమానించుకునే మనిషి. నా వల్లేమైనా పొరపాటు జరిగిందా సార్ అని అడిగాడు. పెట్రోలు కల్తీ అయుంటుందని ఇతను చెప్పాడు. చెవులాయన చెప్పాడంటే ఇంకేముంది, ఆ మనిషి తలూపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రోజు తను అబద్ధమాడలేదు. నిజంగానే నమ్మాడు. అదే ఇప్పుడు భయం పుట్టిస్తోంది.

"ఆపు. ప్లగ్గులు చూద్దాం" అన్నాడు.

బావమరిది ఇంజను ఆపి, రేడియేటర్ మీద చల్లడానికి నీళ్ళు తెస్తానని బకెట్టు పట్టుకుని కుళాయి వైపు వెళ్ళాడు. వెనకనుంచి వాడి భుజాలు సన్నబడ్డట్టు కనిపించాయి. ఫ్యాక్టరీ మూతపడ్డాక నాలుగేళ్ళు వాడు ఇంటి వెనక రేకుల గదిలో ఈ కారుతోనే కాపురం చేశాడు. తుక్కులో దొరికిన ఇంజను, పాత వ్యానులోంచి పీకిన టర్బో, తనే బిగించిన పిస్టన్లు. ఈ ఆదివారం కొండ దారి పందెం. ఒక రేసు జట్టు పెద్దమనిషి వాడికి మాటిచ్చాడు: ఇంజను చెక్కుచెదరకుండా కొండెక్కించి చూపించు, మర్నాటి నుంచి పన్లోకి వచ్చెయ్. కొండ మధ్యలో అది పగిలితే చెవుల్ని ఎవరంటారు? ఇంట్లో బిగించిన ఇంజను కదా అంటారు. ఆ మాట వాడూ నమ్ముతాడు. మిగతా జీవితమంతా ఏ బోల్టు సరిగ్గా బిగించలేదా అని తన చేతుల్నే నిలదీసుకుంటాడు.

కాలే ఇంజను మీద వంగి మూడో సిలిండరు ప్లగ్గు విప్పి, టార్చి వెలుగులో తిప్పి చూశాడు. తెల్లటి పింగాణీ మీద సన్నటి మెరుపు, వెండి పొడి చల్లినట్టు. అది పిస్టన్ నెత్తి నుంచి రాలిన లోహం.

చేతిలో గుడ్డ ఉంది. అతనేమీ నిర్ణయించుకోలేదు. బొటనవేలు దానంతట అదే గుడ్డలోంచి పింగాణీని రుద్దింది, గట్టిగా, మెరుపు పోయేదాకా. స్పార్కు మూడు డిగ్రీలు వెనక్కి తీసి, చాల్లే అనేస్తే సరి. గుడ్డిగా వేసిన లెక్క నిలిస్తే నిలుస్తుంది. నిలవకపోతే నెపానికి పెట్రోలు ఉండనే ఉంది. ఈ ఆలోచనలన్నీ ఎంత నున్నగా వచ్చాయో చూసి అతనికే ఒళ్ళు జలదరించింది. ఎవరో ముందే రాసిపెట్టినట్టు వచ్చాయి.

"ఏమంటోంది ప్లగ్గు?" నీళ్ళ బకెట్టు దింపుతూ బావమరిది అడిగాడు.

"బాగానే ఉంది."

ప్లగ్గు బిగించి, గుడ్డ జేబులో కుక్కుకుని, వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. బావమరిది నీళ్ళు చల్లి వచ్చి పక్కన కూర్చున్నాడు, తాళం చెవి మీద చెయ్యి వేశాడు, తిప్పలేదు. ముందు రెండో చెయ్యి చాపి అతని భుజం మీద మెల్లగా ఆనించాడు. అతను తిరిగేదాకా ఆగాడు. అప్పుడు పెదాలు స్పష్టంగా కదుపుతూ అడిగాడు, "బావా, ఇంకోటి కొడదామా, చాలా?"

ఆ చెయ్యి తనకు తెలుసు. అక్కడే, అంతే బరువుతో, పొద్దున ఇంట్లో భార్య చెయ్యి పడింది.

హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకున్నాడు. "మీ అక్క చెప్పిందా?"

బావమరిది స్టీరింగు వైపు చూశాడు. "చెప్పింది."

"ఎప్పుడు?"

"చాన్నాళ్ళైంది."

"తెలిసీ దీన్ని నా దగ్గరికి ఎందుకు తెచ్చావురా?"

వాడు తాళం చెవి మీంచి చెయ్యి తీసేశాడు. "ఇంకెక్కడికి తీసుకెళ్ళను? వేరేవాడి దగ్గర పెడితే నీ చెవుల సంగతి నీకు తెలిసిపోయేది కదా" అన్నాడు. తర్వాత ఇంకో మాట గొణిగాడు. కొసలు తెగిపోయాయి గానీ పెదాల్ని బట్టి అర్థమైంది: ఒకవేళ వినపడుతుందేమో అనుకున్నా.

అతనికి కోపం రావాలి. ఎవరి మీదనో తెలియలేదు. ఇంటిల్లిపాదీ కలిసి అతని చుట్టూ ఒక అబద్ధాన్ని దుప్పటిలా కప్పారు, ఆ దుప్పటికి వీడు నాలుగేళ్ళ కష్టాన్ని చెల్లించడానికి సిద్ధపడ్డాడు. అడగని దానం. తనకు కావలసింది ఇది కాదని అరవాలనిపించింది. కానీ ఇన్నాళ్ళూ తను ఆ దుప్పటి కింద వెచ్చగానే పడుకున్నాడు, ఎవరూ బలవంతంగా పడుకోబెట్టలేదు.

జేబులోంచి గుడ్డ తీసి ఒళ్ళో పరిచాడు. మసి మధ్యలో సన్నటి మెరుపు.

"మూడోదాని నుంచి. తుడిచేశాను."

బావమరిది గుడ్డ మీద వేలితో రాసి చూశాడు. వేలు వెలుతురుకి పెట్టి చూశాడు. "పిస్టన్ పోయినట్టేనా?"

"తెలీదు. దెబ్బ తగిలింది. కొండెక్కుతుందో లేదో చెప్పలేను. ఇక్కణ్ణుంచి ఏదీ నేను చెప్పలేను."

ఇరవయ్యేళ్ళలో ఆ మాట అనడం మొదటిసారి. బయట ఏదో పిట్ట అరుస్తూ ఉండే ఉంటుంది. రేపటి నుంచి ఈ షెడ్డుకు ఎవరూ రారు, రాకూడదు కూడా. తెల్ల కారాయనకు కబురు పెట్టాలి. కానీ అవన్నీ ఈ గదికి అవతలి సంగతులు.

ల్యాప్‌టాప్‌లో స్పార్కును మొదట ఉన్నచోటికి జరిపాడు. "లే, ఇటు రా. నేను తొక్కుతాను" అన్నాడు. ఇద్దరూ సీట్లు మారారు. వాడు ఇంకా ఆ గుడ్డనే చూస్తున్నాడు, మొహం ఎత్తడం లేదు.

అతను మెడలోంచి హెడ్‌ఫోన్లు తీశాడు. మెత్తల మీద తన చెమట ఉంటే చొక్కా అంచుతో తుడిచాడు. బావమరిది చెవుల మీది జుట్టును వేళ్ళతో వెనక్కి తోసి, వాటిని వాడి తలకు తొడిగాడు.