కాలేషా వెయ్యని బొమ్మ

ఇలా దగ్గరికి రా షిరీన్. ఆ చాప లాక్కుని నా మోకాలి పక్కన కూర్చో. మీ అమ్మ నిన్ను ఆ హైస్కూల్లో డ్రాయింగు కోర్సులో చేర్పిస్తోందని విన్నాను. చేరు, మంచిదే. చేరబోయే ముందు మా ముస్కాన్ సంగతి విని చేరు. నా మనవరాలిని నువ్వు రోజూ అక్కా అని పిలుస్తావు గాని, పోయినేడు ఆ బడిలో దానికేం జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు.

ఆ బడి కరస్పాండెంటు బుల్లిరాజు గారు గణపవరం దగ్గర చేపల చెరువులు తవ్వించి, ఆ తరవాత మన తాడేపల్లిగూడెంలో బడి కట్టించారు. రెండు వ్యాపారాలకూ ఆయనకు పెద్ద తేడా కనపడలేదు. అక్కడా పిల్లల్ని పోసి, వేళకు మేత వేసి, చివర్న తూకం వేయడమే, ఇక్కడా అంతే. ఆయనకు ఉన్నట్టుండి చిత్రకళ మీద ప్రేమ పుట్టింది. కోర్సుకు మూడు మెట్లు కట్టారు. ఆరు, ఏడు తరగతుల వాళ్ళు బిగినర్సు, ఎనిమిది ఇంటర్మీడియట్, తొమ్మిది అడ్వాన్స్‌డ్. నేర్పేది హేమంత్‌కుమార్ మాస్టారు.

బిగినర్సులో ఏం గీయించారంటావా? రెండు కొండలు, వాటి నడుమ సూర్యుడు, ఒక ఏరు, ఒక పాక. మన ఊరి నుంచి కొల్లేరు దాకా నడిచి వెళ్ళినా కాలికి గులకరాయి తగలదు, కొండ ఎక్కడిది? ముస్కాన్ అదే మాట మాస్టారిని అడిగింది. కొండ సిలబస్‌లో ఉందని ఆయన జవాబు. దాంతో పిల్ల రెండేళ్ళూ కొండలే గీసింది. ఇంటర్మీడియట్‌లో క్యాలెండరు బొమ్మ మీద పెన్సిలుతో గళ్ళు కొట్టి, గడిలో ఉన్నది గడిలో దించమన్నారు. ఒక పిల్లాడు ఎక్కడో వరస తప్పాడు, వాడి దేవకన్యకు మూడో చెవి మొలిచింది. గళ్ళు నీటుగా ఉన్నాయని మాస్టారు వాడికి మంచి మార్కులే వేశారు.

ఇక అడ్వాన్స్‌డ్. అందులో సొంత ఆలోచనతో గీయాలి. అయితే బిగినర్సుకు వారానికి రెండు పీరియడ్లు, ఇంటర్మీడియట్‌కి ఒకటి, అడ్వాన్స్‌డ్‌కి వచ్చేసరికి ఆ ఒక్కటీ లెక్కల వాళ్ళు పట్టుకుపోయారు. మరి గీసేదెక్కడ అంటే ఇంటి దగ్గరట. సొంత ఆలోచన అన్నాక సొంత ఇంట్లోనే రావాలి గదా అన్నారు మాస్టారు. పిల్ల ఎంత పై మెట్టెక్కితే కుంచె దానికి అంత దూరమైంది.

అయినా ముస్కాన్ ఆ కోర్సును వదల్లేదు. కారణం ఏలూరు. వేసవిలో ఏలూరులో పెద్ద డ్రాయింగు క్యాంపు పెడతారని, ఒక్కో బడి నుంచి ఒక్కరినే తీసుకుంటారని, అక్కడ బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయిస్తారని విన్నది. అప్పటి నుంచి దానికి వేరే ధ్యాస లేదు. నేను బియ్యం ఏరుతుంటే ఎదురుగా చేరి, మామ్మా కదలకు అనేది. నేను కదలకపోతే మీకు అన్నం ఎవరు వండుతారే అని నేను. తొమ్మిదో తరగతి వాళ్ళంతా ‘మన కొల్లేరు’ అని ఒక్కో బొమ్మ వేయాలి, అందులో మొదటి బహుమతి వచ్చినవాళ్ళే ఏలూరు వెళ్తారు.

ఇక్కడ మా కాలేషా సంగతి చెప్పాలి. నా కొడుకు, ముస్కాన్ తండ్రి. ఆకివీడులో చేపల లారీలకు బొమ్మలు వేస్తాడు. లారీ ఓనర్ల సంగతి నీకు తెలీదు, చెక్క మీద అరచేయంత ఖాళీ కనిపించినా ఒప్పుకోరు. అందుకని మావాడి చేతికి ఖాళీ తగిలితే చాలు, తామరపూల లత పాకిపోతుంది. ఏ బొమ్మకైనా కాటుక కళ్ళు, ఈత మట్టల్లాంటి రెప్పలు. పోటీ సంగతి తెలియగానే, నిన్నటి దాకా ఒరే పెయింటరూ అని పిలిచిన పెద్దమనుషులు ఒకరి వెనక ఒకరు మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చారు. కాలేషా గారండీ, మావాడి బొమ్మకు కొంచెం సాయం పట్టండీ అన్నారు. ఎవరికి వాళ్ళు తామొక్కళ్ళమే వచ్చామనుకున్నారు. బుల్లిరాజు గారి కొడుకు వినయ్ కోసం వాళ్ళమ్మ కారులోంచి దిగకుండానే చెప్పింది. కాదనడం మావాడికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. అందరికీ కొల్లేటి మీద వాలే సంచి ముక్కు గూడబాతులు వేసి పెట్టాడు. వాడికి సగం తెలిసి, సగం తెలియకుండా గూడబాతులన్నీ పీటల మీది పెళ్ళికూతుళ్ళలా తయారయ్యాయి. చుట్టూ తామర లత.

ముస్కాన్ మాత్రం తండ్రితో, నా దాని మీద చెయ్యి వెయ్యకు నాన్నా అంది. వాడు వెయ్యలేదు. ఆదివారాల్లో వాడితో ఆకివీడు వెళ్ళి, వాడు లారీ దగ్గర ఉంటే ఇది చెరువు గట్టున కూర్చునేది. ఏం వేసిందనుకున్నావు? బురద రంగు నీళ్ళు, నీళ్ళు చిలుకుతూ తిరిగే ఏరేటర్లు, పడవలోంచి మేత చల్లే మనిషి వీపు. గట్టు మీద తడిసిన గూడబాతొకటి, దాన్ని తోలడానికి టపాకాయ వెలిగిస్తున్న కాపలాదారు. ఆ కాపలాదారుకి కనీసం ఎర్ర తువ్వాలైనా చుట్టవే అన్నాను నేను. ఆయనకు ఎర్ర తువ్వాలు లేదు మామ్మా అంది.

బడిలో పోటీ జరిగిన బొమ్మల పండగ రోజు నేనూ మంచి చీర కట్టుకుని వెళ్ళాను. హాలు గోడ నిండా బొమ్మలు. ఏలూరు నుంచి జడ్జిగారొకాయన వచ్చారు. ఒక గూడబాతు చూశారు, రెండోది చూశారు, అన్నీ చూశారు. అన్నీ రెప్పలెత్తి ఆయన్నే చూశాయి. ఈ బడి పిల్లలందరిలో ఒకే శైలి పలుకుతోంది, ఇది గురువుగారి గొప్పతనం అన్నారు. హేమంత్‌కుమార్ మాస్టారు వంగి దండం పెట్టారు. అప్పుడు ముస్కాన్ బొమ్మ దగ్గరికొచ్చి ఆగారు. చాలాసేపు చూసి, ఇది ఇక్కడ నేర్చుకున్న పిల్ల పని కాదు, పెద్దవాళ్ళ చెయ్యి పడింది, దీన్ని పోటీలోంచి తీసేయండి అన్నారు.

మాస్టారు వెంటనే అందుకున్నారు. “పెయింటరు గారి అమ్మాయండి. నాన్నగారే వేసి ఉంటారండి.”

ముస్కాన్ ఏడవలేదు. వెనక్కి తిరిగి తండ్రి కేసి చూసింది. వాడి పక్కన వరసగా నిలబడ్డ తల్లిదండ్రులూ వాడి కేసి చూశారు, కళ్ళతోనే కాళ్ళు పట్టుకుంటున్నట్టు. వినయ్ వాళ్ళమ్మ వద్దని తల ఊపింది. కాలేషా చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

“అయ్యగారూ, ఈ గోడ మీద నేను వెయ్యని బొమ్మ అదొక్కటేనండి.”

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, గూడబాతుల్ని మళ్ళీ చూశారు. తల్లులకు ఒకేసారి ఫోన్లు వచ్చాయి. బుల్లిరాజు గారు మాత్రం, టిఫిన్లు చల్లారిపోతున్నాయండి రండి అని అందర్నీ పక్క గదిలోకి తోలారు.

తరవాత మమ్మల్ని ఆఫీసు గదికి పిలిపించారు. కోప్పడలేదమ్మా, కాఫీ కూడా ఇప్పించారు. చిక్కేమిటంటే, వినయ్ ఫోటోతో ఫ్లెక్సీ పొద్దున్నే గేటుకు కట్టేశారట. ఏలూరుకు వాడి పేరు కూడా వెళ్ళిపోయిందట. బొమ్మలు చూడక ముందే మొదటి బహుమతి ఎలా తేలిందని నేను అడగబోతే, కాలేషా నా చెయ్యి పట్టుకున్నాడు.

“అమ్మాయినే పంపుదాం కాలేషా, నేను కాదంటున్నానా?” అన్నారు బుల్లిరాజు గారు. “అక్కడ వినయ్ అని పిలిస్తే పలికితే చాలు. సర్టిఫికెట్ మావాడిది, నేర్చుకున్నది మీ అమ్మాయిది. దాన్నెవరు లాక్కుంటారు?”

ముస్కాన్‌కి ఏలూరంటే ఎంత ఆశో నాకు తెలుసు. ఒప్పేసుకుంటుందనే అనుకున్నాను. నేనైతే ఒప్పుకునేదాన్ని.

“వినయ్‌నే పంపండి సార్,” అంది. “ఆ పేరుకు నేను పలకలేను. నా బొమ్మ నాకిచ్చేయండి.”

వినయ్‌నే పంపారు. క్యాంపులో ఓ ముసలాయన్ని ఎదురుగా కూర్చోబెట్టి గీయమన్నారట, మర్నాటికల్లా పిల్లాడికి జ్వరం, ఇంటికి తీసుకొచ్చేశారు. వాడు కూర్చోవలసిన చోటు క్యాంపు అయ్యేదాకా ఖాళీగానే ఉందట. సర్టిఫికెట్ మాత్రం వేళకు వచ్చింది, దానికి అద్దం కట్టించి ఆఫీసులో పెట్టారు. మావాడు మళ్ళీ ఒరే పెయింటరూ అయ్యాడు. ఈ ఏడు తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు పెంటపాడులో ఇంకెవరినో పట్టుకున్నారట. ముస్కాన్ ఆదివారాలు గట్టు మీదే ఉంటోంది. ఇప్పుడు ఆ కాపలాదారు దాని కోసం కదలకుండా కూర్చుంటున్నాడని కాలేషా చెప్పాడు.

నువ్వు చేరాక ఆ ఆఫీసు గదిలో అద్దం వెనక వినయ్ పేరు చూస్తావు. పక్కనున్న పిల్ల, ఈ అబ్బాయి అంత బాగా గీస్తాడా అని అడుగుతుంది. అప్పుడు నువ్వు తెలియనట్టు ఊరుకోకు తల్లీ. ఇదంతా గుర్తు పెట్టుకుని, గూడబాతుల రెప్పలతో సహా చెప్పు. నీకు నవ్వొస్తే నవ్వుతూనే చెప్పు. ముస్కాన్ పేరు మాత్రం మింగకుండా, గట్టిగా చెప్పు.