జరిపిన గీత

కీర్తిప్రియ గీసిన గీత సరిగ్గా పడింది, ఎల్లప్పకు ఒళ్లు మండింది. బాలనర్సింహ బిడ్డకు మొదటి వాసం మీదే గీత అంత చక్కగా పడాలా? తప్పు గీసి ఉంటే ఎంత బాగుండేది! తను చెయ్యదలచుకున్న పాడుపని తన చేత్తో చెయ్యాల్సిన అవసరం తప్పేది.

హుస్సేనీ ఆలంలో రామలింగం సేటు పాత కిరాణా గోదాముకు పెంకుల కప్పు మళ్లీ వేయిస్తున్నాడు. ఇనుప రేకులు వేసుకోమని నలుగురూ చెప్పినా వినలేదు, తాత కట్టినట్టే కావాలన్నాడు. జహనుమా షెడ్డులో వడ్రంగం నేర్పే ఎల్లప్పకు ఆ పని దొరికింది. ఐదుగురు కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లలో ఈ పిల్ల ఒకతె. షెడ్డులో చేరిన రోజు తండ్రి ఎవరని అడిగితే నవ్వుతూ చెప్పింది.

"బాలనర్సింహ సార్. మీకు ఎరుకేనంట గద. వాసాల లెక్క ఎల్లన్నకు తెలిసినంత ఎవ్వలికి తెల్వది, ఆయన దగ్గర్నే నేర్చుకో అన్నడు బాపు."

ఎరుకే! ఎరుక లేకేం! ఇరవై రెండేళ్ల కిందట బహదూర్‌పురాలో ఒక చర్చి కప్పుకు ఇద్దరూ వైకుంఠం ఉస్తాద్ కింద పనిచేశారు. నమూనా వాసం మీద గీతలు పెట్టింది ఎల్లప్ప. ఆ ఒక్కటి కోసి, దాన్ని మిగతా చెక్కల మీద పరిచి, అన్నీ దాని కొలతకే కోస్తారు. ఎల్లప్ప అన్నం తిని వచ్చేలోపు బాలనర్సింహ పై కొస గీతను గాజుపెంకుతో గీకేసి, రెండంగుళాలు లోపలికి కొత్త గీత గీశాడు. ముప్పై వాసాలు కురుచైపోయాయి. ఎల్లప్ప పిచ్చివాడిలా వెతికితే, గీత గీకిన ఆ కొస ముక్క పొయ్యిలో సగం కాలి దొరికింది. బొటనవేలితో రాస్తే పల్లం తగిలింది. చూపిస్తే ఉస్తాద్ నవ్వి, పదిమంది ముందూ చెయ్యి పట్టి బయటికి నెట్టాడు. గాజు తెగిన చూపుడు వేలికి గుడ్డ చుట్టుకున్న బాలనర్సింహ తల ఎత్తలేదు.

ఆ రోజు నుంచి అతను కురుచ ఎల్లప్ప. విరిగిన మంచాలకు కోళ్లు అతుకుతూ, పాత తలుపులకు బందులు బిగిస్తూ బతికాడు. ఉస్తాద్ పనులన్నీ బాలనర్సింహ చేతికి పోయాయి. ఉస్తాద్ చచ్చిపోయాడు గానీ ఆ దిక్కుమాలిన పేరు మాత్రం చావలేదు.

అయినా ఆ పొద్దున పాఠం మాత్రం ఎల్లప్ప కల్తీ లేకుండా చెప్పాడు.

"గోడకు గోడకు పదహారు ఫీట్లు. అండ్ల సగం ఎనిమిది. ఫీటుకు ఎనిమిది ఇంచులు పైకి లేవాలె. మూలమట్టం గిట్ల పెట్టున్రి, గిటు పన్నెండు, గటు ఎనిమిది. గీత గీసి జరుపున్రి. గిట్ల ఎనిమిదిసార్లు. ఆఖరుకు ఏం మర్చిపోతరు?"

"నడి దూలం మందంల సగం తియ్యాలె సార్," అంది కీర్తిప్రియ, మిగతావాళ్లు నోరు తెరిచేలోపే. "రెండు దిక్కుల వాసాలు దాన్నే తాకుతయి గద. తియ్యకుంటే నిడుపైతయి."

"శాబాష్ బిడ్డా," అన్నాడు ఎల్లప్ప పళ్లు కొరుక్కుంటూ.

మధ్యాహ్నం అందరూ అన్నం డబ్బాలు తీసుకుని బయట అరుగు మీదికి పోయారు. కాగితంలో చుట్టి మూడు రోజులుగా జేబులో మోస్తున్న గాజుపెంకు తీశాడు ఎల్లప్ప. ఆ పిల్ల గీసిన పై కొస గీతను గీకేశాడు. రెండంగుళాలు లోపలికి, ఆమె పెన్సిలుతోనే, ఆమె గీసిన వాటంగానే మళ్లీ గీశాడు. సిగ్గుపడ్డాడా? లేదు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! సేటు కలప పాడవుతుందన్న బెంగ కూడా లేదు, కురుచవి గోదాము ముందరి వసారా సాయబానుకు సరిపోతాయని ముందే లెక్క చూసుకున్నాడు.

రెండు వాసాలు కోసి, ఎక్కించి చూశాకే మిగతావి కొయ్యాలి. ఆ ఒక్క మాట ఆ రోజు ఎల్లప్ప నోటి నుంచి రాలేదు. సాయంత్రానికి ఆ కొలతకే వాసాలు ఇరవై నాలుగూ కోసేశారు. గీత గీకిన కొస ముక్క పొయ్యి పాలు కాకుండా ముక్కల కుప్ప మీద తనే పెట్టాడు. తర్వాత బాలనర్సింహకు ఫోన్ చేశాడు.

"నీ బిడ్డ కోసిన వాసాలు రేపు ఎక్కుతున్నయే. వచ్చి చూసిపో."

రానీ, వాడికి చూడగానే తెలిసిపోతుంది. నోరు తెరిస్తే, నీకెట్ల తెలుసని అందరూ అడుగుతారు, తన దొంగతనం తనే చెప్పుకోవాలి. తెరవకపోతే జన్మంతా కూతురిని కురుచ కీర్తిప్రియ అని పిలుస్తుంటే వినాలి. ఎటైనా ఎల్లప్పకు పండగే!

పొద్దున్నే వాసాలు ఎక్కించడానికి డానియేలు వచ్చాడు. చర్చి పనినాటి మనిషి, కురుచ అన్న పేరు ఊరంతా మోసింది ఆయన నోరే. రెండు వాసాలు ఎదురెదురుగా నిలబెడితే దూలానికి ఇటొక సందు, అటొక సందు.

"ఇదేందయ్యా ఎల్లప్పా, సందుల చెయ్యి దూరుతుంది!" అన్నాడు రామలింగం సేటు.

కీర్తిప్రియ ముఖం పాలిపోయింది. "నేను లెక్క కరెక్టే పెట్టిన సార్. రెండుసార్లు చూసుకున్న."

"లెక్క కరెక్టయితే రెండించులు చెక్క మింగిందా?" వైకుంఠం ఉస్తాద్ ఆనాడు అన్న మాటే. అంటుంటే ఎల్లప్ప నోరు తియ్యనైంది.

పిలిచినట్టే వచ్చి నిలబడ్డ బాలనర్సింహ వాసాల వంక చూడనే లేదు. మోకాలు పట్టుకుని కుంటుకుంటూ నేరుగా ముక్కల కుప్ప దగ్గరికి పోయాడు. పైన ఉన్న ముక్క తీసి బొటనవేలితో రాశాడు. ఎల్లప్ప కళ్లలోకి చూశాడు. చెప్పరా, చెప్పు, అనుకున్నాడు ఎల్లప్ప.

ఆలోచించనైనా ఆలోచించలేదు ఆ మనిషి.

"నా బిడ్డ తప్పు గాదు. గీత గీకి జరిపిన్రు. నీకెట్ల ఎరుక అంటరా? బహదూర్‌పురల ఎల్లన్న గీత గిట్లనే జరిపింది నేనే. ఆయన కురుచ కొయ్యలే, నేను కోయించిన. ఇన్నేండ్లు నోరు మూసుకొని కూసున్న. సిగ్గులేనోన్ని."

"యేసయ్యా!" డానియేలు గబగబా వచ్చి ఎల్లప్ప చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యన్నా. ఎన్నిసార్లు పిలిచిన నిన్ను ఆ పేరుతోని!"

ఈ ఒక్క మాట కోసం ఎల్లప్ప ఎన్ని రాత్రులు పళ్లు నూరాడు! ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది.

కీర్తిప్రియ తండ్రి చేతిలోంచి ముక్క తీసుకుంది. తనూ వేలితో రాసి చూసింది.

"గది నువ్వు చేసినవ్ బాపు. మరి గిది ఎవలు చేసిన్రు? నిన్న అన్నానికి మేమందరం బయటికి పోయినం. లోపల..."

తలెత్తి ఎల్లప్ప వంక చూసింది.

"సార్?"

డానియేలు మెల్లగా తన చేతులు వెనక్కి తీసుకున్నాడు.