అరవై మూడో పేరా

థెల్మా రైక్రాఫ్ట్ కేసు గెలిచిందని మా ఊళ్లో అందరూ అంటారు. నేను ఆమె లాయర్ని. నన్నడిగితే మాత్రం ఒకసారి గొంతు సవరించుకుని చెప్పాల్సి వస్తుంది.

యార్క్‌షైర్ కొండల్లో థెల్మాకు రెండొందల అరవై గొర్రెలు. ఇంటి దగ్గర్నించి పైనున్న మేతబీడుకు మైలున్నర దారి. ఆ దారి పక్కవాళ్ల పొలంలోంచి పోతుంది. ‘గొర్రెలను తోలుకొనిపోవు హక్కు’ అని 1841 నాటి దస్తావేజులో స్పష్టంగా రాసి ఉంది. మోకాళ్లు ఆడినన్నాళ్లూ ఆమె నడిచే తోలింది. అవి అరిగాక నాలుగు చక్రాల బైకు కొనుక్కుంది. ఆ పక్క పొలాన్ని లండన్ నుంచి వచ్చి కొన్న ప్రెంటిస్ అనే పెద్దమనిషి, బండి దూరకుండా గేటు దగ్గర రెండు రాళ్లు పాతించాడు. “నడిచి వెళ్లు, ఎవరొద్దన్నారు?” అన్నాడు.

కింది కోర్టులో ఓడిపోయాం. జడ్జి చెడ్డవాడేం కాదు. 1974లో బ్రాక్‌బ్యాంక్ అనే ఆయన కేసులో అచ్చం ఇలాంటి దస్తావేజు మీదే అప్పీలు కోర్టు, తోలడమంటే కాలినడకన తోలడమే అని తేల్చేసింది. పైకోర్టు చెప్పాక కింది జడ్జి చేయగలిగిందేమీ లేదు.

“ఒరే డెస్, మంద అమ్మేయనా?” అని అడిగింది థెల్మా. మా నాన్న దగ్గర పొట్టేళ్లు కొన్న మనిషి. నేను నలభై ఏడేళ్లవాడినైనా ఆమెకు ‘ఒరే’నే. “అమ్మితే మళ్లీ రావురా. ఈ కొండ మీద ఎక్కడ మేయాలో తల్లి చూపిస్తే పిల్ల నేర్చుకుంది. సంతలో కొన్న గొర్రెలకి ఎవరు చూపిస్తారు? నేనా, ఈ మోకాళ్లతో?”

అమ్మొద్దన్నాను. అప్పీలు వేశాను.

అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీలు. మధ్యలో కూర్చున్నావిడ బ్రాక్‌బ్యాంక్ తీర్పును రెండు వేళ్లతో పట్టుకుని, పాచిపోయిన చేపను చూసినట్టు చూసింది. “దీంట్లో తర్కం నాకు దొరకలేదు” అంది. కుడిపక్కాయన తనకూ దొరకలేదన్నాడు. ఎడమపక్కాయన, అసలు ఉందా అని అడిగాడు. ప్రెంటిస్ తరఫు బారిస్టరు మెడ ఎర్రగా కందిపోయింది. థెల్మా నన్ను మోచేత్తో పొడిచి “గెలిచేశాం కదరా!” అంది. నేను కాగితాలు సర్దుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను.

ఆరు వారాలకు తీర్పు ముసాయిదా నా చేతికొచ్చింది. కోర్టులో ప్రకటించేదాకా కక్షిదారుకు తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు. థెల్మా బురద బూట్లతోనే ఆఫీసుకొచ్చి కూర్చుంది.

“ఏమన్నారు?”

“బ్రాక్‌బ్యాంక్ తీర్పు తప్పన్నారు.”

“ముగ్గురూనా?”

“ముగ్గురూ. పెద్దావిడైతే పదకొండు పేజీలు ఉతికి ఆరేసింది.”

“అయితే గెలిచాం.”

“ఓడిపోయామండీ.”

ఆమె టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. “మళ్లీ చెప్పు.”

“వెనకటికి తమ కోర్టే ఇచ్చిన తీర్పును వాళ్లే కాదనకూడదు. ఏవో ఒకటి రెండు మినహాయింపులున్నాయి గానీ మనది వాటిలోకి రాదు. కాదనాలంటే సుప్రీంకోర్టే కాదనాలి.”

“తప్పని తెలిసీ?”

“తెలిసీ.”

“ఒప్పే అనుకుని ఉంటే?”

“అప్పుడూ ఓడిపోయేవాళ్లం.”

“నా గొర్రెలూ పాత జాడనే పోతాయిరా. కానీ వానకి దారి కోసుకుపోతే పక్కకి తిరుగుతాయి. గౌన్లేసుకున్న ఈ ముగ్గురికీ ఆపాటి తెలివి లేదే!”

“బుధవారం కోర్టులో ప్రకటించేదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పకండి.”

“ఏమని చెప్పమంటావు? నాదే న్యాయమని ఒప్పుకుని మరీ నన్ను ఓడించారనా? చెబితే తాగొచ్చాననుకుంటారు.”

సుప్రీంకోర్టు కేసు తీసుకుంది. అక్కడ ఐదుగురు జడ్జీలు. విగ్గుల్లేవు, గౌన్లు లేవు. వంపు తిరిగిన బల్ల వెనక కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా బారిస్టరు నవోమీ క్లెగ్‌ను ప్రశ్నలతో నలిపేశారు. బైకు సరే, ట్రాక్టరైతే? గొర్రెల్ని లారీకెక్కిస్తే అది తోలడమా, మోయడమా? పైనుంచి హెలికాప్టర్‌తో అదిలిస్తే? రెక్కలున్న వాహనం గురించి ఇరవై నిమిషాలు చర్చ నడిచింది.

బయటికొచ్చాక థెల్మా శాండ్‌విచ్ పొట్లం విప్పి, తినకుండా మళ్లీ మూసేసింది. “ఒక్కడన్నా నా మోకాళ్ల సంగతి అడిగాడా?”

“వాళ్లు చూసేది మీ ఒక్కరి కేసు కాదండీ. దేశంలోని ఇలాంటి దారులన్నిటికీ సరిపోయే మాట చెప్పాలి.”

“దేశంలో దారులన్నిటితో నాకేం పనిరా? నాకు ఒక్కటి చాలు.”

ఎనిమిది నెలలు గడిచాయి. నేను వద్దంటున్నా మంద అమ్మడానికి ఆమె అక్టోబరు సంతలో తన పేరన ఒక దొడ్డి రాయించేసింది. సంత ఇంకా పన్నెండు రోజులుందనగా తీర్పొచ్చింది. ముగ్గురు మావైపు, ఇద్దరు అటువైపు. బ్రాక్‌బ్యాంక్ తీర్పు ఇక చెల్లదు. థెల్మా ఫోన్లోనే ఏడ్చేసి, ఏడవలేదని బుకాయించి, సంత వాళ్లకు రానని చెప్పేసింది. ప్రెంటిస్ రాళ్లు పీకించాడు.

తీర్పు మొత్తం చదివాక నాకు నోరు చేదైంది. మావైపు ముగ్గురిలో ఇద్దరు, ఏ కాలపు పనిముట్టుతోనైనా తోలుకోవచ్చన్నారు. మూడో ఆయన లార్డ్ స్టెయిన్‌మోర్. ఫలితంతో ఏకీభవిస్తూనే విడిగా రాశాడు. అరవై మూడో పేరాలో ఆయన మాట ఇది: గొర్రెల వెనక పోతున్నంతసేపే బండి నడపడం తోలడం కిందికి వస్తుంది. గొర్రెలు లేకుండా పోతే అది ఉత్త ప్రయాణం, ఆ హక్కు దస్తావేజు ఇవ్వలేదు. ఆయన ఓటు లేకపోతే మాకు ముగ్గురు లేరు. కాబట్టి మాకు దక్కింది ఆయన ఇచ్చినంతే.

వారం తిరక్కుండా ప్రెంటిస్ లాయరు ఆ పేరానే ఉత్తరంలోకి ఎక్కించి పంపాడు. రైక్రాఫ్ట్ గారు ఖాళీ బండితో పైకి వెళ్తున్నారు, తక్షణం మానుకోవాలి అని.

“గొర్రెలు పైనున్నాయిరా!” అని అరిచింది థెల్మా. “వాటి దగ్గరికి పోవాలంటే ముందు గొర్రె ఉండాలంటాడేంటి? ఆ లార్డు ఎప్పుడైనా గొర్రెని చూశాడా, పళ్లెంలో తప్ప?”

విసుగులో నా నోరు జారింది. “ఎన్ని గొర్రెలుండాలో ఆయన రాయలేదండీ. ఒక్కటున్నా చాలేమో.”

మర్నాటి నుంచి ఆమె ముసలి గొర్రెనొకదాన్ని ఇంటి దగ్గరే ఉంచుకుంది. పొద్దున్నే ముందు అది, వెనక బండి. అది నడిచినంత వేగంతోనే ఈవిడా. సాయంత్రం మళ్లీ అదే ఊరేగింపు కిందికి. ప్రెంటిస్ రోజూ గోడ దగ్గర నిలబడి ఫోన్లో వీడియో తీస్తాడు. ఇటు నాకు దేశం నలుమూలల నుంచీ ఉత్తరాలు. కుక్క ముందు నడిస్తే సరిపోతుందా అని వేల్స్ నుంచి ఒకాయన, మేకైతే ఫరవాలేదా అని ఇంకొకాయన. అందరూ ‘రైక్రాఫ్ట్ కేసు’ ప్రకారం అనే మొదలుపెడతారు.

నవంబరులో ఒక ఉదయం ఫోను మోగింది.

“ఒరే డెస్, ఇది పడుకుంది.”

“ఏది?”

“గొర్రెరా! దారి మధ్యలో పడుకుని నెమరేస్తోంది. నేను దీన్ని దాటితే బండి ముందూ గొర్రె వెనకా అవుతుంది. ఆ మహానుభావుడు ఫోను పట్టుకుని రెడీగా ఉన్నాడు. దాటొచ్చా, కూడదా?”

పేరా తీసి చూశాను. ముందు పేరా చూశాను, తర్వాతి పేరా చూశాను. నడుస్తున్న గొర్రె గురించే రాశాడు తప్ప, పడుకున్నదాని ఊసే లేదు.

“లేపి చూడండి.”

“వంగితే నన్నెవరు లేపుతారు?” ఆ తర్వాత ఫోను పక్కకు తిప్పి వేసిన కేక నా చెవి అదరగొట్టింది. “ఏమయ్యా ప్రెంటిసూ! నీ పొలంలోంచి నేను కదలాలంటే ఇది కదలాలి. ఆ వీడియో జేబులో పెట్టి, వచ్చి ఓ చెయ్యి వెయ్యి!”

ఫోన్లో గాలి హోరు. తర్వాత బురదలో బూట్ల చప్పుడు, మగగొంతు గొణుగుడు, ఎక్కడ పట్టుకోవాలని ఓ ప్రశ్న.

“కొమ్ములు కాదయ్యా! వెనక్కి రా, వెనక్కి. ఆఁ, అక్కడ. ఇప్పుడు ఎత్తు!”