అడుగున ఒక పేరు

ఆరిన బట్టలను మంచంమీద కుప్పగా పోసి, ఎవరివి వారికి వేరుచేసి మడతపెడుతున్న ఆమెకు ఇంట్లో అన్ని గదులనుంచీ ఒకే ప్రశ్న వినవస్తోంది. "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావమ్మా?" అని మామగారు. "చుక్కల మందు ఎక్కడ పెట్టావే?" అని అత్తగారు. "నీలం చొక్కా ఎక్కడ పెట్టావు?" అని భర్త. తాను ముట్టుకోని వస్తువులకు సైతం తానే జవాబుదారు కావడం ఆమెకు ఎంతగా అలవాటయిందంటే, తలెత్తకుండానే అందరికీ చోట్లు చెప్పేసింది.

నీలం చొక్కా దొరికిన భర్త గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నట్టు, మన ఆస్పత్రి వెబ్‌సైటులో ప్రతి పేజీ కింద తమ్ముడి పేరు పెట్టు. రూపకల్పన, నిర్వహణ అని. మధ్యాహ్నం కొత్త భవనం ప్రారంభానికి వచ్చేవాళ్ళకి తెరమీద చూపిస్తున్నాం."

ఆమె చేతిలోని తువ్వాలు సగం మడతలో ఆగిపోయింది.

"అది చేసింది నేను కదండీ?"

"ఎవరు కాదన్నారు? ఇంట్లో పనికి పేర్లేమిటి? వంటగది గోడమీద నీ పేరు రాయించుకున్నావా ఏమిటి?" తన హాస్యానికి తానే నవ్వుకున్నాడు. "వాడు ఆస్పత్రి మేనేజరు. వాడి పేరుంటే నలుగురిలో బావుంటుంది."

"మరిదంటే కొడుకులాంటివాడు. వాడి పేరుంటే నీ పేరున్నట్టు కాదూ?" పక్కగదినుంచి అత్తగారు అందుకున్నారు.

మామగారు స్థాపించిన ఆ కంటి ఆస్పత్రిలో భర్త వైద్యుడు. పెళ్ళికి ముందు ఆమె వెబ్‌సైట్లు తయారుచేసే సంస్థలో ఉద్యోగం చేసేది. "మన ఆస్పత్రి ఉండగా పరాయివాళ్ళ చాకిరీ నీకెందుకు?" అన్న మాటతో ఆ ఉద్యోగానికి స్వస్తి పలికించారు. పరాయివాళ్ళ చాకిరీకి జీతముండేది; సొంతవాళ్ళ చాకిరీకి ప్రశంస ఒకటుంటుంది, అదీ విందులో: "మా కోడలికి కంప్యూటరు మంచి కాలక్షేపం." పొయ్యిమీద పాలకు ఒక చెవి, గేటు చప్పుడుకు ఒక చెవి అప్పగించి, ఆ కాలక్షేపంలోనే ఆమె ఆస్పత్రి సైటంతా కట్టింది.

ఆ సంగతి బయట తెలిసినది ఒక్కరికే. పాత సంస్థలో ఆమెతో పనిచేసినావిడ ఇప్పుడొక ప్రచురణాలయంలో వెబ్ విభాగానికి అధిపతి. "ఇన్నేళ్ళూ ఏం చేశావో చూపించు చాలు, ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా" అంది. ఈ మధ్యాహ్నమే రమ్మంది. ఇంట్లో మాత్రం, స్నేహితురాలిని చూసివస్తానని చెప్పి ఊరుకుంది ఆమె. ఇప్పుడు అక్కడ, ఆవిడ ఎదుట, సైటు తెరిచేసరికి అడుగున మరిది పేరు కనబడితే? తాను చేసిన పనికి తానే దొంగగా నిలబడాలి.

తువ్వాలు మడత పూర్తిచేసి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ సైటులో ఎన్ని పేజీలున్నా పైపట్టీ ఒక్క ఫైలులోనే, చిరునామా, ఫోన్ నంబరు ఉండే అడుగుపట్టీ మరొక్క ఫైలులోనే రాసి ఉంటాయి. తక్కిన పేజీల్లో ఉండేదల్లా, ఫలానా భాగాన్ని తెచ్చి ఇక్కడ చేర్చమని సర్వరుకు చెప్పే వరుస మాత్రమే. అడిగినవారికి పేజీ పంపేముందు సర్వరు ఆ భాగాన్ని తెచ్చి అతికిస్తుంది. చూసేవారికి అతుకు కనబడదు. ఆ పేజీ అలాగే పుట్టిందనుకుంటారు. ఈ ఇంట్లో తన సంగతీ ఇంతే కదా అని ఆమెకు తోచింది. మామగారి ఉదయంలోకి, అత్తగారి మందులవేళలోకి, భర్త పేరుప్రతిష్ఠల్లోకి తనను తెచ్చి చేరుస్తూనే ఉంటారు. అందరి రోజులూ నిండుగా కనబడతాయి. అతుకు మాత్రం ఎవరికీ కనబడదు.

అడుగుపట్టీ ఫైలు తెరిచి మరిది పేరు టైపుచేసింది. ఒక్కచోట రాసిన పేరు ప్రతి పేజీలోనూ ప్రత్యక్షమైంది. ఒక్కొక్కటే చూసుకుంటూ, శస్త్రచికిత్స తరువాత కంటిలో మందు వేసే విధానం చెప్పే పేజీకి వచ్చింది. అత్తగారికి ఆపరేషన్ అయినప్పుడు ఆవిడ మంచం పక్కనే కూర్చుని, చుక్క రెప్పమీద పడి జారిపోయిన ప్రతిసారీ తన తప్పేమిటో గమనించుకుని, ఆ తప్పు మరొకరు చేయకూడదని రాసిన మాటలవి. వాటి కింద మరిది పేరు నల్లగా, నిబ్బరంగా కూర్చుని ఉంది. తల్లికి ఆపరేషన్ ఏ కంటికి జరిగిందో కూడా మరిదికి గుర్తులేదు.

ఆమె ఆ పేరు చెరిపేసింది. ఆ స్థానంలో, బడిలో హాజరు పిలిచినప్పుడు తాను ఏ పేరుకు లేచి నిలబడేదో ఆ పేరు రాసి భద్రపరిచింది. ఒక్క అక్షరమూ తప్పు పడలేదు.

బయలుదేరడానికి తయారై చేతిసంచీ అందుకునేసరికి ఫోన్ మోగింది. ఆస్పత్రినుంచి మరిది.

"వదినా, కింద మీ పేరొచ్చిందేంటి?"

"నేనే పెట్టాను."

"అయ్యబాబోయ్, అన్నయ్య చూస్తే ఇంకేమైనా ఉందా! నేనే తీసేద్దామని మొదటి పేజీ ఫైలు తెరిచానా, అందులో మీ పేరే లేదు! ఎవరో గుర్తుకోసం రాసుకున్నట్టు ఓ వరుసుంటే, ఉత్తదే కదా అని తీసేశా. కింద మొత్తం ఎగిరిపోయింది వదినా! ఫోన్ నంబరూ లేదు, అడ్రసూ లేదు. రెండో పేజీలో మాత్రం మీ పేరు అలాగే ఉంది. దాని ఫైలూ వెతికా. అందులోనూ లేదు!"

"తీసేసిన వరుస మళ్ళీ పెట్టు. నంబరు లేకపోతే రోగులు ఇబ్బందిపడతారు."

టకటకా మీటల చప్పుడు. "పెట్టా. నంబరొచ్చింది." నీరసంగా, "మీ పేరూ వచ్చింది" అన్నాడు.

అంతలో ఫోన్ చేతులు మారింది. పళ్ళబిగువున భర్త గొంతు: "అతిథులు మెట్లెక్కుతున్నారు. నా పరువు తియ్యకు. చెప్పు, ఆ పేరు ఎక్కడ పెట్టావు?"

చెప్పడానికి నాలుక దానంతట అదే కదిలింది. ఇన్నేళ్ళ అలవాటది. ఆమె పెదవులు బిగించి, ఈసారి తలెత్తింది. ఎదురుగా తలుపు తీసే ఉంది.

"ఉండవలసిన చోటే పెట్టానండీ" అంది. అది ఎక్కడో చెప్పకుండా, చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.